వేరు మిగిలితేనే చిగురు

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆరాంఘర్ దాటాక గగన్‌పహాడ్, దాని తర్వాత సాతంరాయి, ఆపైన శంషాబాద్ వస్తాయి. విమానాశ్రయానికి పోయే వాహనాలతో పగలూ రాత్రీ రద్దీగా ఉండే దారి ఇది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి గగన్‌పహాడ్ అప్ప చెరువు తెగింది. నీళ్లు ఒక్కసారిగా రహదారి మీదికి వచ్చిపడి వాహనాలను ఈడ్చుకుపోయాయి. మనుషులు ప్రాణాలు కోల్పోయారు. దాదాపు నాలుగేళ్లకు, 2024 ఆగస్టు 31న, చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా యంత్రాలతో వచ్చి ఆ చెరువు పరిధిలో వెలసిన నిర్మాణాలను కూల్చింది.

ఆక్రమణ తొలగింది సరే, చెరువు బతికినట్టేనా? ఇప్పుడు అడగాల్సింది ఈ ప్రశ్న. మూసీ నుంచి వాడలోని కుంట దాకా అన్నింటికీ పునరుజ్జీవనం పేరిట పథకాలు వస్తున్నాయి. నిధులు కేటాయిస్తున్నారు, శంకుస్థాపనలు చేస్తున్నారు. మంచిదే. అయితే పోయిన ప్రాణం తిరిగి రావడానికి ప్రకృతి పెట్టే షరతులు కొన్ని ఉన్నాయి. ఒంటికైనా, అడవికైనా, చెరువుకైనా, ఊరికైనా అవి ఒకటే. మూలం కొంతైనా మిగిలి ఉండాలి. అది పెరగడానికి దారి తెరిచి ఉండాలి. పెరిగేదాకా కాపు కాసే మనిషి ఉండాలి. ఈ మూడింట్లో ఏది లోపించినా ఖర్చు మిగులుతుంది తప్ప ప్రాణం రాదు.

ఒంటికి తెలిసిన విద్య

ముందుగా శరీరాన్ని చూద్దాం. కాలేయంలో సగానికి పైగా భాగాన్ని ఆప్తులకు దానం చేసిన మనిషిలో మిగిలిన ముక్క కొద్ది నెలల్లోనే దాదాపు పూర్వ పరిమాణానికి పెరుగుతుంది. విరిగిన ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. పుత్తూరు కట్టు కట్టేవారైనా, పెద్దాసుపత్రిలో పిండికట్టు వేసే వైద్యుడైనా చేసేది ఎముకను సరైన వరుసలో నిలిపి కదలకుండా చూడటమే. కొత్త ఎముకను అల్లే పని శరీరానిది. గుండె కండరం సంగతి అలా కాదు. గుండెపోటుతో చచ్చిన భాగంలో కొత్త కండరం పుట్టదు, మచ్చ ఏర్పడుతుంది. మచ్చ గాయాన్ని మూస్తుంది కానీ పోయిన పనిని తిరిగి ఇవ్వదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. నగరాల్లో పునరుద్ధరణ పేరిట సాగుతున్న పనుల్లో ఏది కండరమో, ఏది మచ్చో తేల్చుకోవడానికి ఇదే కొలబద్ద.

మూలం మిగలడం అంటే ఏమిటో హైదరాబాద్‌లోనే జరిగిన ఒక వైద్య ప్రయోగం కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. సున్నం కంట్లో పడో, రసాయనం చిందో చూపు పోగొట్టుకునేవారు మన దేశంలో ఎందరో ఉన్నారు. వారిలో పిల్లలూ ఉంటారు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను నిత్యం కొత్తగా తయారుచేసే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉంటాయి. అవి కాలిపోతే ఆ పొర మళ్లీ పుట్టదు. తెల్లగుడ్డు మీది కణజాలం, రక్తనాళాలు పాకివచ్చి చూపును మూసేస్తాయి. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం దీనికి ఒక సులువైన శస్త్రచికిత్సను రూపొందించి 2012లో ప్రకటించింది. బాగున్న రెండో కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల చదరపు ముక్కను తీస్తారు. దాన్ని ఎనిమిది, పది తునకలు చేస్తారు. ప్రసవం తర్వాత సేకరించిన మాయ నుంచి తీసిన ఉమ్మనీటి సంచి పొరను దెబ్బతిన్న కంటిపై పరిచి, దాని మీద ఆ తునకలను జిగురుతో అంటిస్తారు. కొద్ది వారాల్లో ఒక్కో తునక నుంచి కణాలు విస్తరించి నల్లగుడ్డును కప్పేస్తాయి. అంతకుముందు ఈ కణాలను ప్రయోగశాలలో పెంచి అతికించేవారు. కొత్త పద్ధతిలో ఆ ఖర్చూ, ఆ హంగూ అక్కర్లేకుండా పోయాయి. కణాలు పెరిగే చోటు కన్నే అయింది.

ఈ చికిత్సకు ఒక హద్దు ఉంది. రెండు కళ్లూ కాలిపోతే సొంత మూలం ఉండదు. అప్పుడు వేరొకరి కణాలు తేవాలి. వాటిని శరీరం తిప్పికొట్టకుండా మందులు వాడుతూ ఉండాలి. ఫలితం కూడా అంత గట్టిగా ఉండదు. రెండు మిల్లీమీటర్ల మూలం మిగిలి ఉంటే కథ ఒకలా ఉంటుంది, అదీ లేకపోతే మరోలా ఉంటుంది.

శంషాబాద్ చుట్టుపక్కల భూమికి ఇప్పుడు ఆ రెండు మిల్లీమీటర్లే మిగిలాయి. వాటిని గుర్తించకుండా పార్కులు, నడక బాటల నమూనాలు గీయడం వైద్యం అనిపించుకోదు.

మోడు అనుకున్నది మోడు కాదు

మన దక్కన్ మెట్ట నేలల్లో ఎండాకాలం చూస్తే గుట్టలు, బంజర్లు చచ్చినట్టే కనిపిస్తాయి. నిజానికి ప్రాణం భూమి లోపల దాగి ఉంటుంది. నరికేసిన మోదుగ వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. సీతాఫలం మొదలు నరికినా తొలకరికి గుబురుగా చిగురిస్తుంది. దాని ఆకును మేకలు ముట్టవు కాబట్టి రాళ్ల సందుల్లోనైనా నిలదొక్కుకుంటుంది. బాలానగర్ సీతాఫలానికి ఇంత పేరు రావడంలో ఈ రాతి నేలల పాత్ర చిన్నది కాదు. దున్నకుండా వదిలేసిన చేలో ముందుగా లేచేవి తంగేడు, గునుగు. తంగేడు రాష్ట్ర పుష్పం అయింది, ఆ రెండూ లేనిదే బతుకమ్మ లేదు. లేఅవుటు వేసేవారు యంత్రంతో పైమట్టి గీకి చదును చేస్తే పోయేది పొదలు మాత్రమే కాదు. ఏళ్ల తరబడి నేలలో నిలిచిన వేళ్లు, విత్తనాలు, చెదలు, వానపాములు అన్నీ ఒక్క పూటలో పోతాయి. ఆ తర్వాత అక్కడ ఎన్ని ఈత చెట్లు తెచ్చి నాటినా అవి ట్యాంకరు నీళ్ల మీద బతకాల్సిందే.

అటవీ శాఖకు ఈ విషయం బాగా తెలుసు. 2015 జూలైలో చిలుకూరులో మొదలైన తెలంగాణకు హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలు. అందులో అటవీ భూముల వాటా 100 కోట్లయితే, దానిలో 80 కోట్లు కొత్తగా నాటేవి కావు. ఉన్న వేళ్లను కాపాడి, నిప్పు నుంచీ గొడ్డలి నుంచీ రక్షించి తిరిగి ఎదగనివ్వాల్సినవి. పత్రికల్లో గునపం పట్టిన నాయకుల ఫొటోలు వచ్చినంతగా ఈ అంశం ప్రజల్లోకి రాలేదు. మొక్క నాటితే ఫొటో వస్తుంది. ఉన్న వేరును తొక్కకుండా వదిలేస్తే ఫొటో తీయడానికి ఏమీ ఉండదు. మన విధానాలు మొదటిదాని వైపే మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

సహజంగా తిరిగి మొలిచే శక్తికి నిలువెత్తు సాక్ష్యం ఉమ్మడి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని కల్పవల్లి. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990ల మొదట్లో అక్కడి ఊళ్లతో కలిసి పనికి దిగినప్పుడు అవి బోడి గుట్టలు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అదొకటి. ఊళ్లవాళ్లు కాపలాదారులను పెట్టుకున్నారు, వేసవి మంటలను ఆర్పారు, మేతకు కట్టుబాట్లు చేసుకున్నారు. గడ్డి, ఈత, పొదలు, చెట్లు వాటంతట అవే వచ్చాయి. నేడు ఏడు వేల ఎకరాలకు పైగా విస్తరించిన ఆ ఊరుమ్మడి అడవిలో పశువులకు మేత, పేదలకు ఈత పని, చెరువులకు ఊటనీరు దొరుకుతున్నాయి. డబ్బు కంటే కట్టుబాటు ఎక్కువ పని చేసిన చోటది.

సాతంరాయి నుంచి 44వ నంబరు రహదారి మీద జడ్చర్ల దాకా వెళ్లి మహబూబ్‌నగర్‌కు మళ్లితే పిల్లలమర్రి ఉంది. కొన్ని వందల ఏళ్ల ఆ మహావృక్షాన్ని చెదలు తొలిచేశాయి. 2017 చివర్లో కొమ్మ విరిగిపడటంతో సందర్శకులను ఆపేశారు. మొదట కాండానికి రంధ్రాలు చేసి మందు పోస్తే అది కారిపోయింది. దాంతో 2018లో అటవీ సిబ్బంది ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలను కొమ్మలకు వేలాడదీసి, పలుచన చేసిన చెదల మందును చుక్క చుక్కగా ఎక్కించారు. కిందికి దిగే ఊడలకు గొట్టాలు తొడిగి నేల దాకా చేర్చారు. ఊడ నేలను తాకితే కొత్త కాండమవుతుంది, కొమ్మ బరువును మోస్తుంది. చెట్టు కోలుకుంది. అక్కడ సిబ్బంది చేసింది రెండే పనులు. తినేసే పురుగును ఆపారు, ఊడకు దారి ఇచ్చారు. మిగతాది మర్రి చూసుకుంది.

నీటి దారి మూసేసి చెరువును బతికించలేం

ఇక చెరువుల సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల మందిని బలిగొన్నప్పుడు నిజాం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరీవాహక ప్రాంతమంతా పరిశీలించారు. అక్కడున్న 788 చెరువుల్లో 221 ఆ వానకు తెగిపోయాయని ఆయన తేల్చారు. ఒకటి తెగితే ఆ నీళ్లు కింది దాని మీద పడి అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువుల బలమూ అదే, ప్రమాదమూ అదే. ఆయన సూచనతోనే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. శంషాబాద్ మండలంలోని పలు గ్రామాలు ఆ హిమాయత్‌సాగర్ పరీవాహకంలోవే.

ఆ జలాశయాలను కాపాడేందుకు 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ జీవో తెచ్చింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పరిశ్రమలు, భారీ కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. ఇదే శంషాబాద్ మండలంలో ఆముదం నూనె ఉత్పత్తుల పరిశ్రమ ఒకటి పెట్టబోతే వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లో, మళ్లీ 2000లో ఇచ్చిన తీర్పుల్లో న్యాయస్థానం ముందుజాగ్రత్త సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. హాని జరుగుతుందని ప్రజలు నిరూపించుకోవాల్సిన పని లేదు, హాని జరగదని పరిశ్రమ పెట్టేవారే నిరూపించాలని చెప్పింది. దేశమంతటా పర్యావరణ కేసుల్లో నేటికీ చెప్పుకునే ఆ తీర్పు మన శంషాబాద్ నేల మీది తగాదా నుంచి పుట్టింది. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో ఆ ఆంక్షలను సడలించింది. జంట జలాశయాల నీటి మీద నగరం ఇప్పుడు ఆధారపడటం లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. తాగునీటి లెక్క ఒక్కటే చూసి ఇలాంటి నిర్ణయానికి రావడం సరికాదు. పైన వాన పీల్చే నేల, కింద వరదను ఆపే జలాశయం, చుట్టూ ఊరే బావులు అన్నీ కలిసిన ఏర్పాటు అది. కృష్ణా, గోదావరి నీళ్లు గొట్టాల్లో వచ్చినంత మాత్రాన వరద రాకుండా పోదు, భూగర్భజలం నిండదు.

ఈ ప్రాంతం మీద భారం ఇంకా పెరుగుతోంది. 2008 మార్చిలో దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. గోదాములు, వేడుకల మందిరాలు, లేఅవుట్లు వచ్చాయి. రాజేంద్రనగర్‌లో వంద ఎకరాల్లో కొత్త హైకోర్టు సముదాయం లేస్తోంది. మెట్రో రెండో దశలో విమానాశ్రయానికి ప్రతిపాదించిన మార్గం గగన్‌పహాడ్, సాతంరాయి మీదుగానే పోతుంది. వీటిలో అవసరం లేనిదని దేన్నీ కొట్టిపారేయలేం. కానీ వానను ఇంకించుకున్న ఎర్రనేల, చెల్క భూమి కప్పు కింద, సిమెంటు కింద పడ్డకొద్దీ అదే వాన మరింత వేగంగా, మరింత ఎక్కువగా చెరువు మీద పడుతుంది. చెరువేమో మునుపటి కంటే చిన్నదైంది. మత్తడి దూకిన నీరు పోవాల్సిన వాగు మీద ఇళ్లున్నాయి. అప్ప చెరువు తెగడానికి వాన ఒక్కటే కారణమని సరిపెట్టుకుంటే మరో వానకు మరో చెరువు తెగుతుంది.

చెరువు చుట్టూ గోడ కట్టి, రంగుల దీపాలు పెట్టి, నడక బాట వేసి ప్రారంభోత్సవం చేస్తే అది మచ్చే అవుతుంది. పైనుంచి వచ్చే కాలువ తెరుచుకుని, మురుగు వేరై, మత్తడి నీరు కింది చెరువుకు చేరితేనే కండరం తిరిగి పుట్టినట్టు. నగరం నడిబొడ్డున అంబర్‌పేట బతుకమ్మ కుంటనే తీసుకోండి. చెత్త, మట్టి పోసి పూడ్చేసిన ఆ కుంటను 2025లో తవ్వితే నీళ్లు ఉబికి వచ్చాయి. ఆ ఏడాది సెప్టెంబరులోనే అక్కడ బతుకమ్మ ఆడారు. ఎన్నో ఏళ్లు మట్టి కింద పడి ఉన్నా ఊట చావలేదు. మూలం మిగిలితే ఎంత త్వరగా ప్రాణం వస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. అయితే అది పద్నాలుగు ఎకరాలకు పైగా ఉన్న కుంటలో మిగిలిన ఐదెకరాలే. పోయిన మిగతా భాగం ఇక రాదు.

కాపు కాసే మనిషి ఎక్కడ?

తెలంగాణ ఊళ్లలో చెరువుకు ఒక నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత నీరు వదలాలో అతనికి తెలుసు. వానాకాలం రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగి, ఎక్కడ ఊట పడుతోందో, ఎక్కడ గండి పడే సూచన ఉందో చూసి ఊరిని లేపేవాడు. కట్ట మీద మైసమ్మకు బోనం ఎత్తే ఆచారం కూడా ఏడాదికొకసారి ఊరంతా కట్టను నడిచి చూసే సందర్భమే. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లెక్కగట్టి వేల చెరువుల్లో పూడిక తీయించింది. రైతులు ఆ ఒండ్రు మట్టిని సంబరంగా చేలకు తోలుకున్నారు. చెరువుకు లోతు వచ్చింది, చేనుకు సత్తువ వచ్చింది. నీరటి మాత్రం తిరిగి రాలేదు. కట్టను, తూమును బాగుచేసి వాటిని చూసుకునే మనిషిని మరిచాం.

మనుషుల పొత్తు తిరిగి చిగురిస్తే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగులో చూశాం. 2016లో రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ఈ ఉద్యమానికి వెన్నెముక గ్రామాల్లోని మహిళా స్వయం సహాయక సంఘాలు. తొలకరికి ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లి, నేల ఏడాది పొడుగునా పచ్చగా కప్పి ఉండేలా చూడటం అందులో ముఖ్యమైన పద్ధతి. ఎదురుగా ఉన్న చేలో ఫలితం చూసి పక్క రైతు నేర్చుకున్నాడు. అధికారి ఉపన్యాసం చేయలేని పని తోటి రైతు అనుభవం చేసింది. 2024లో ఈ కృషికి గుల్బెంకియన్ బహుమతి దక్కింది. నేలలోని సూక్ష్మజీవి నుంచి సంఘంలోని మనిషి దాకా అన్నీ కలిసి కోలుకున్నాయి కాబట్టే అది నిలిచింది.

శంషాబాద్ చుట్టూ పరిస్థితి ఇంకా చిక్కైనది. 2018లో శంషాబాద్ పురపాలక సంఘమైంది. పాత ఊరివాళ్లలో చాలామంది భూములు అమ్ముకున్నారు, లేదా సేకరణలో పోగొట్టుకున్నారు. కొత్తగా వచ్చినవారిలో విమానాశ్రయ ఉద్యోగులు, కాటేదాన్ పారిశ్రామికవాడ కార్మికులు, పొరుగు రాష్ట్రాల కూలీలు ఉన్నారు. చెరువు ఎక్కడి నుంచి నిండుతుందో పాతవారికి తెలుసు, కానీ ఇప్పుడు వారికి అందులో వాటా లేదు. వరద వస్తే ముందుగా మునిగేది కొత్తవారు, కానీ వారికి చెరువు చరిత్ర తెలియదు. ఈ రెండు వర్గాలూ ఒకచోట కూర్చునే వేదిక లేనంతకాలం చెరువు అధికారుల దస్త్రంగా, వ్యాపారుల స్థలంగానే మిగులుతుంది.

కూల్చివేతల్లో న్యాయం గురించి కూడా నిక్కచ్చిగా మాట్లాడాలి. చెరువు శిఖంలో ప్లాట్లు వేసి అమ్మినవారు, అనుమతులు ఇచ్చినవారు హాయిగా ఉండగా, కష్టార్జితం పోసి కొనుక్కున్న చిరుద్యోగి, గుడిసె వేసుకున్న కూలీ వీధిన పడటం పునరుజ్జీవనం అనిపించుకోదు. మనుషులను చెల్లాచెదురు చేసి తెచ్చిన నీటికి కాపు కాసేవారు ఉండరు.

చేయాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. మెట్రోకు గానీ కొత్త లేఅవుట్లకు గానీ అనుమతి ఇచ్చే ముందు ఈ ప్రాంతంలో పైకుంట మొదలు జలాశయం దాకా నీటి దారులన్నిటినీ గుర్తించి నేల మీద హద్దురాళ్లు పాతాలి. ఆ పటాన్ని ప్రతి వార్డు కార్యాలయం గోడ మీద పెట్టాలి. పూర్తి నీటిమట్టం హద్దుతో ఆగకుండా కాలువలకు, మత్తడి వాగులకు కూడా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) రక్షణ కచ్చితంగా అందించాలి. మిగిలిన గుట్టలు, పొదల నేలలను పార్కు పేరిట చదును చేయడం మానుకోవాలి. పేదలకు ముందు ఇల్లు చూపి తర్వాతే ఖాళీ చేయించాలి, ఆ ఖర్చును అక్రమ లేఅవుట్లు వేసినవారి నుంచి రాబట్టాలి. ప్రతి చెరువుకూ జీతం ఇచ్చి ఒక నీరటిని నియమించాలి. అతన్ని అడిగే హక్కు పాత ఊరివాళ్లూ కొత్త కాలనీలవాళ్లూ ఉన్న చెరువు సంఘానికి ఇవ్వాలి. పథకం నెగ్గిందో లేదో ప్రారంభోత్సవం రోజున తేల్చకూడదు. మూడు వానాకాలాలు గడిచాక నీళ్లు తమ దారిన వచ్చి తమ దారిన పోయాయా, చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం లేచిందా అన్నది చూసి తేల్చాలి.

ఇవేవీ వేల కోట్ల పనులు కావు. ఆలస్యమైతే మాత్రం వేల కోట్లు పోసినా కుదరని పనులవుతాయి. అప్ప చెరువుకు ఇంకా కొంత నేల మిగిలి ఉంది, హిమాయత్‌సాగర్‌కు ఇంకా కొంత పరీవాహకం మిగిలి ఉంది, వాగు ఎటు పారేదో చెప్పగల పెద్దలు ఇంకా కొందరున్నారు. ఇవి ఉండగానే ప్రభుత్వం కదలాలి. సాతంరాయి, గగన్‌పహాడ్ ప్రజలు కూడా మరో వరద దాకా ఆగకుండా తమ చెరువు పటం చూపించమని ఇప్పుడే అధికారులను అడగాలి.